కడప బండ మీద కువైట్ గిటార్

“తీగల మీద చెయ్యి పెట్టు అబ్బీ. మోత తగ్గుతాందా, పెరుగుతాందా?”

పాత ఎలక్ట్రిక్ గిటార్ సరిగా పలకడం లేదని ఎవరు తెచ్చినా, కడపలో నేను చూసిన ఈ మెకానిక్ మొదట అడిగే మాట ఇదే. అప్పటికి స్క్రూడ్రైవర్ చేతిలోకి రాదు, మీటరు డబ్బాలోంచి బయటికి రాదు. గిటార్‌ను యాంప్లిఫయర్‌కి తగిలించి, అడుగున వినిపించే ఆ గుంయ్‌మనే మోతను కాసేపు వింటారు. తీగలు ముట్టుకోగానే మోత తగ్గితే లోపలి ఎర్త్ వైరు తీగలు ఆనే బ్రిడ్జి దాకా క్షేమంగా ఉన్నట్టు. గదిలోని కరెంటు వైర్ల రొదను మనిషి ఒళ్లు యాంటెన్నాలా పట్టుకుని గిటార్‌కి అందిస్తుంటుంది. చెయ్యి తీగలకు తగిలితే ఆ రొద ఎర్త్‌లోకి దిగిపోతుంది. ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకేలా ఉంటే ఆ వైరు ఎక్కడో తెగింది. ముట్టుకున్నప్పుడు పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి. ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు, మూడూ మూడు వేర్వేరు చోట్లకు దారి చూపిస్తాయి. ఒక్క మర కూడా అప్పటికి విప్పి ఉండరు.

ఊళ్లో అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. వాల్వ్ రేడియోల దగ్గర పని నేర్చుకుని, ట్రాన్సిస్టర్లూ టేప్ రికార్డర్లూ దాటి, ఇప్పుడు మైక్ సెట్ల యాంప్లిఫయర్లు బాగుచేస్తున్న చెయ్యి అది. పెళ్లిళ్లకూ, పద్య నాటకాలకూ, చర్చి కూటాలకూ అద్దెకు తిరిగే అహూజా యాంప్లిఫయర్లు గోడ వారగా దొంతర్లుగా ఉంటాయి. బల్ల మీద పరిచింది నల్లటి కడప బండ, దేశమంతా వంటింటి గట్లకు వాడే రాయి. సోల్డరింగ్ ఐరన్ జారి పడినా అది కాలదు. సన్నటి మర చేయి జారి పడితే టిక్కుమని వినిపిస్తుంది. గిటార్ దాని మీదికి వచ్చేముందు ఒక పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి పరుస్తారు, వెనక చెక్కకు గీత పడకుండా.

ఆ రోజు దుప్పటి మీద ఉన్నది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. కర్నూలులో ఆర్కెస్ట్రాల్లో వాయించి, ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తున్న ఒకాయనది. కువైట్‌లో పనికి వెళ్లిన బంధువు ఎప్పుడో తెచ్చిచ్చాడు. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లలో కువైట్ నుంచి వచ్చిన వస్తువు లేని ఇల్లు వెతకాలి. బంగారం, టేప్ రికార్డర్లు, దుప్పట్లతో పాటు అప్పుడప్పుడు ఇలాంటివీ వచ్చాయి. మామూలుగా మన ఊళ్లలో ఆ రోజుల్లో చేతికందింది కలకత్తాలో తయారైన గివ్‌సన్ గిటార్. దిగుమతి సుంకాల కాలంలో అమెరికా గిటార్ అంటే సినిమా స్టూడియోల మాట. అందుకే దాని యజమాని దాన్ని చంటిబిడ్డను దించినట్టు దించాడు. జబ్బులు మూడు చెప్పాడు: మోత ఎక్కువైంది, నాబ్ తిప్పితే గరగరలాడుతోంది, నడిమి పికప్ పీలగా పలుకుతోంది. “మొత్తం లోపలి సామాను మార్చేయండి భాయ్, కొత్త సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పిస్తా” అన్నాడు.

భాయ్ వినలేదు. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే.

ఎలక్ట్రిక్ గిటార్ చూసి రేడియో మెకానిక్ బెదరకపోవడానికి గట్టి కారణం ఉంది. దీన్ని రూపొందించిన లియో ఫెండర్ కూడా రేడియో మెకానికే. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ అని దుకాణం తెరిచి రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు. గిటార్ వాయించడం ఆయనకు రాదు, చివరిదాకా నేర్చుకోలేదు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌ను విప్పి చూస్తే అది వాయిద్యకారుడి ఊహలా కాక, బాగుచేసే మనిషి పడ్డ జాగ్రత్తలా కనిపిస్తుంది. మెడను జిగురుతో అంటించలేదు, మరలతో బిగించాడు. మూడు పికప్‌లు, మూడు నాబ్‌లు, సెలెక్టర్ స్విచ్ అన్నీ ముందు ప్లేటుకే తగిలించాడు. ప్లేటు మరలు తీస్తే రేడియో ఛాసిస్ పెట్టెలోంచి జారి వచ్చినట్టే సర్క్యూట్ అంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. ఫుల్లర్టన్ దుకాణంలో ఏ చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో తెలిసిన మనిషి చేసిన వస్తువు ఇది. కడపలో రేడియోల మీద పెరిగిన చేతికి అది పరాయిది కాదు. 1961లో బెంగుళూరు బీఈఎల్ మన దేశంలోనే రేడియో వాల్వులు తయారుచేయడం మొదలుపెట్టింది, 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఆ తరం రేడియో మెకానిక్‌లకు తిండి పెట్టిన విద్య, గిటార్ లోపల ఉన్న విద్య ఒకటే: రాగి తీగచుట్ట, కెపాసిటర్, కార్బన్ పొటెన్షియోమీటర్, నాలుగు సోల్డర్ అతుకులు.

ఇక మోత సంగతి. భాయ్ గిటార్ వైపు చూడకుండా గోడ వైపు వెళ్లారు. చేతిలో టెస్ట్ ల్యాంప్, హోల్డర్‌లో బిగించిన మామూలు బల్బు, రెండు వైర్లు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే నిండుగా వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టినా తమ దుకాణంలో అంతే వెలుగు. “ఇక్కడ సరిగుండాది. మీ చర్చిలో చూసినావా?” అని అడిగారు. అతను చూడలేదు. రాయలసీమలో గిటార్ మోతకు సగం మూలం గిటార్‌లో ఉండదు, ఆవరణలో ఒక మూల తవ్విన ఎర్త్ గొయ్యిలో ఉంటుంది. నేలలో తేమ ఉన్నంతసేపే అది కరెంటును తనలోకి తీసుకుంటుంది. కడప, కర్నూలు ఎండల్లో మే నెలకు నేల బీటలు వారుతుంది, గొయ్యిలో ఉప్పూ బొగ్గూ ఉన్నా నీళ్లు పోసే దిక్కు లేకపోతే ఎర్త్ రాడ్ ఎండు మట్టిలో ఊరికే నిలబడి ఉంటుంది. అప్పుడు యాంప్లిఫయర్ ఛాసిస్‌కి ఆధారం ఉండదు, దాన్ని నమ్ముకున్న గిటార్ తీగలకూ ఉండదు. మోతతో పోతే మంచిదే. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైక్‌కి తగిలి షాక్ కొట్టడం పాడుతూ వాయించేవాళ్లు చాలామంది ఎరిగిన ప్రమాదం. రెండు యాంప్లిఫయర్ల ఛాసిస్‌లు రెండు వేర్వేరు వోల్టేజీల దగ్గర ఉంటే మధ్యలో ఉన్న మనిషే వైరు అవుతాడు. గిటార్ సర్వీసు గురించి రాసే పుస్తకాలు ఈ గొయ్యి గురించి రాయవు. ఇక్కడి మెకానిక్‌కి మాత్రం పని అక్కడే మొదలవుతుంది.

తర్వాత గిటార్‌ను యాంప్లిఫయర్‌కి కలిపే కార్డు. రెండు చివర్ల దగ్గర వేళ్లతో అటూ ఇటూ వంచి చూడటం తప్ప ఆయన మరేమీ చేయలేదు. తర్వాత జాక్. పావు అంగుళం జాక్, 6.35 మిల్లీమీటర్లు, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల స్విచ్‌బోర్డుల నుంచి సంగీతంలోకి వచ్చింది. దాని లోపల ప్లగ్ కొసను పట్టుకునే స్ప్రింగ్ పట్టీ నలభై యాభై ఏళ్లలో బలం కోల్పోతుంది. ప్లగ్ కొంచెం కదిలితే శబ్దం పోతుంది, మళ్లీ వస్తుంది. భాయ్ పట్టీని ముక్కుశ్రావణంతో రవ్వంత లోపలికి వంచి, మసక తేలిన చోట పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. ఎమరీ కాగితం వాడరు. పూత లేచిపోతే ఇంకా త్వరగా నల్లబడుతుందని.

ఇప్పుడు నేను చూసిన వాటిలో అన్నింటికన్నా అందమైన పని. గిటార్ విప్పలేదు. కార్డు ఒక చివర గిటార్‌లో ఉంది, రెండో చివరను యాంప్లిఫయర్ నుంచి తీసి మీటరుకు పట్టారు, ఒక ప్రోబ్ కొసకి, ఒకటి ఒరకి. వాల్యూమ్ నాబ్ పదికి తిప్పారు. సెలెక్టర్ స్విచ్ మెడ వైపు పెట్టారు: 6.1 కిలో ఓములు. బ్రిడ్జి వైపు పెట్టారు: 6.2. మధ్యకు పెట్టారు: మీటరు 240 కిలో ఓముల దగ్గర ఆగింది.

అంతే, తేలిపోయింది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. ఉక్కు తీగ అయస్కాంతం ముందు కంపిస్తే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. స్ట్రాటోకాస్టర్ పికప్‌లో సుమారు 8,000 చుట్లు ఉంటాయి, తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, తలవెంట్రుక లాంటిది. అలాంటి చుట్ట ఐదారు కిలో ఓములు చూపాలి. వాల్యూమ్ పొటెన్షియోమీటర్ 250 కిలో ఓములది, పికప్‌కి పక్కనే సమాంతరంగా ఉంటుంది. అంత పెద్ద విలువ పక్కన ఉన్నా చుట్ట రీడింగ్ పెద్దగా మారదు. టోన్ నాబ్ దారిలో కెపాసిటర్ ఉంది కాబట్టి మీటరు పంపే డీసీకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. మధ్య పికప్ దగ్గర 240 వచ్చిందంటే మీటరుకు కనబడుతున్నది చుట్ట కాదు, పొటెన్షియోమీటర్ ఒక్కటే. చుట్ట తెగింది. మరి పీలగా అయినా పలుకుతోంది కదా అని నేను అడిగాను. తెగిన రెండు కొసలూ పక్కపక్కనే ఉంటాయి, చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్ మీదుగా పై స్వరాలు మాత్రం దూకి వెళ్తాయి, కింది స్వరాలు వెళ్లలేవు. “పీలగా ఉండాది అంటే సచ్చిపోయిందని గాదు అబ్బీ, యాడో తెగిందని.” రోగి చెప్పిన లక్షణానికీ మీటరు చూపిన అంకెకూ ఇంత చక్కగా పొత్తు కుదరడం చూస్తే ఎవరికైనా ఆనందం కలుగుతుంది.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. గిటార్ యజమాని ఫోన్‌లో చూసి, ఇలాంటి పికప్‌లు 5.7 దగ్గర ఉండాలి కదా, మెడ పికప్ 6.1 చూపిస్తోంది, ఎవరో మార్చారేమో అని అనుమానపడ్డాడు. భాయ్ గోడకున్న థర్మామీటరు చూపించారు. 41 డిగ్రీలు. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం. చల్లని దేశంలో 22 డిగ్రీల గదిలో 5.7 చూపే చుట్ట కడప ఎండలో 6.1 చూపడంలో వింత లేదు. బోరు మోటార్లు కాలిపోతే తీగ చుట్టే దుకాణాలు రాయలసీమలో సందుసందుకూ ఉన్నాయి. వోల్టేజీ తగ్గి, నీరు తగ్గి, మోటార్లు కాలడం ఇక్కడి రైతు జీవితంలో భాగం. వేడి రాగిని ఏంచేస్తుందో ఇక్కడి మెకానిక్‌కి పుస్తకం చూసి తెలుసుకోవలసిన పని లేదు. మీటరు చూపిన అంకెను ఆ రోజు ఎండతో కలిపి చదవడం గొప్ప నేర్పని నాకనిపించింది. అమెరికా పట్టికను ఇక్కడి మే నెలకు తగిలించి మంచి పికప్‌ను అనుమానించేవాళ్లు ఎంతమందో.

అప్పుడు విప్పారు. ప్లేటు తీసి తిరగేసి దుప్పటి మీద పెట్టారు. పొటెన్షియోమీటర్ వీపు మీద ఏడంకెలు: 1377643. మొదటి 137 తయారీదారు సంఖ్య, సీటీఎస్ అనే అమెరికా కంపెనీది. తర్వాతి 76 అంటే 1976. చివరి 43 ఆ ఏడాది నలభైమూడో వారం. అంటే ఈ గిటార్ 1976 అక్టోబరు కంటే ముందుది కావడానికి వీల్లేదు. అరవైల నాటిదని యజమాని ఇన్నాళ్లూ నమ్మాడు. కాస్త ముఖం మాడింది గాని, మరుక్షణం తేరుకున్నాడు. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే మరో కంపెనీ 130 లక్షల డాలర్లకు కొన్నది, ఆ తర్వాతి గిటార్లను సేకర్తలు ఒక మెట్టు తక్కువగా చూస్తారు. నాకైతే 1976 నాటి పనితనంలో తీసిపారేయాల్సిందేమీ కనబడలేదు. స్విచ్ మూడు గాట్ల పాతది. ఐదు గాట్ల స్విచ్ ఫెండర్ 1977లో పెట్టింది. అంతకుముందు వాయించేవాళ్లు మూడు గాట్ల స్విచ్‌నే రెండు గాట్ల నడుమ నిలబెట్టి రెండు పికప్‌లు కలిసిన ఆ బోలు నాదం రాబట్టుకునేవారు. కంపెనీ ఊహించని స్వరాన్ని చేతులు కనిపెట్టాయి, కంపెనీ తర్వాత దానికొక గాటు చేసింది.

నడిమి పికప్ మూత తీస్తే దుమ్ము. రాయలసీమ దుమ్ము ఎర్రటిది, సన్నటిది, చెమటతో కలిస్తే పేస్టులా అంటుకుంటుంది. ఒక రకంగా ఇక్కడి పొడి గాలి పాత గిటార్లకు మేలే చేసింది. సముద్రపు ఊళ్లలో తేమకూ ఉప్పుకూ చుట్టలు పచ్చగా చిలుము పట్టి లోపలే కుళ్లిపోతాయి. ఇక్కడ చిలుము పట్టిన చోటు ఒక్కటే కనిపించింది, చుట్ట చివరి కొస బయటికి వచ్చి వైరుతో కలిసే కన్నం దగ్గర. ఎప్పుడో ఎవరో యాసిడ్ ఉన్న పేస్టుతో సోల్డర్ చేసి తుడవకుండా వదిలేసి ఉంటారని భాయ్ అన్నారు. భూతద్దంలో చూస్తే పచ్చటి చుక్క, దాని పక్కన గాలిలో వేలాడుతున్న తీగ కొస.

అదృష్టం బాగుంది. తెగింది బయటి కొస కాబట్టి ఒక చుట్టు విప్పి అతకవచ్చు. లోపలి కొస, అంటే చుట్టడం మొదలైన చోటు తెగి ఉంటే ఎనిమిది వేల చుట్లూ తీసి మళ్లీ చుట్టడం తప్ప దారి లేదు. అప్పుడు అది 1976 నాటి పికప్ అని చెప్పుకోవడానికి అయస్కాంతాలు, మూత మాత్రమే మిగులుతాయి. భాయ్ పళ్లుకుట్టుకునే పుల్లతో ఒక్క చుట్టు లేపారు. ఫ్యాన్ ఆపించారు. మోటారు తీగ చుట్టే చేతికి బలం కావాలి, దీనికి బలం ఉండకపోవడమే కావాలి. ఫ్యాన్ గాలికి కూడా ఈ తీగ తెగుతుంది. కొసన ఉన్న ఎనామెల్‌ను కాగితం మడతలో పెట్టి గీకారు, రాగి ఎర్రగా మెరిసింది. పాత సోల్డర్ తీసి కన్నం శుభ్రం చేసి, తీగను మూడుసార్లు చుట్టి, 60 పాళ్లు తగరం 40 పాళ్లు సీసం ఉన్న సోల్డర్‌తో రెప్పపాటులో అతికారు. ఆ సోల్డర్ 190 డిగ్రీల లోపే కరుగుతుంది, సీసం లేని కొత్త సోల్డర్‌కి ఇంకా ఎక్కువ వేడి కావాలి. పాత పని మీద పాత సోల్డరే వాడాలన్నది ఆయన పట్టుదల. పొగ మాత్రం ముఖానికి దూరంగా ఊదేస్తారు, పని కాగానే చేతులు సబ్బుతో కడుగుతారు.

సోల్డరింగ్‌లో ఆయన దగ్గర నేను చూసిన ఇంకో నేర్పు కొత్తవాళ్లు నమ్మరు. పొటెన్షియోమీటర్ వీపుకు ఎర్త్ వైరు అతకాల్సి వచ్చినప్పుడు ఆయన చిన్న 25 వాట్ల ఐరన్ పక్కన పెట్టి పెద్దది తీశారు. సున్నితమైన వస్తువుకు చిన్న ఐరనే కదా మంచిదని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ లోహపు వీపు వేడిని తాగేస్తుంది. చిన్న ఐరన్ పెడితే సోల్డర్ కరిగేదాకా అర నిమిషం ఆనించి ఉంచాలి, ఆలోగా వేడి లోపలికి పాకి కార్బన్ ట్రాకు చెడుతుంది. పెద్ద ఐరన్ రెండు సెకన్లలో పని ముగించి వచ్చేస్తుంది. వేడి ఎక్కువైనా సమయం తక్కువ. అతుకు చల్లారేదాకా వైరు కదలకుండా పట్టుకున్న ఆయన చూపుడువేలు ఒక్క పిసరు కూడా వణకలేదు. కదిలితే అతుకు మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది, దాన్నే డ్రై సోల్డర్ అంటారు, ఇవాళ పనిచేస్తుంది, రేపు పాట మధ్యలో వదిలేస్తుంది.

చెడ్డ అతుకుతో కడపలో మరో ముప్పు ఉంది. ఆకాశవాణి కడప మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్ దగ్గర 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారం చేస్తుంది. చిలుము పట్టిన అతుకు పూర్వపు గెలీనా స్ఫటికంలా డిటెక్టర్ అయిపోగలదు. గిటార్ కార్డు యాంటెన్నా, చెడ్డ అతుకు డిటెక్టర్, యాంప్లిఫయర్ ఎలాగూ ఉంది. రేడియోకి ఇంకేం కావాలి? బలమైన ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో గిటార్ యాంప్లిఫయర్లలో వార్తలు వినిపించడం ప్రపంచమంతటా జరిగిన సంగతే. అలా వినిపిస్తే అతుకులు వెతకాలి, లేదా గిటార్ లోపలి గుంటకు రాగి రేకు అతికించి ఎర్త్ చేయాలి. ఈ గిటార్‌కి ఆ అవసరం రాలేదు.

ఫేజ్ పరీక్ష ఆయన ముల్లు మీటరుతోనే చేస్తారు, డిజిటల్ మీటరు దీనికి పనికిరాదంటారు. అతికిన పికప్ అయస్కాంతాల మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లేపితే ముల్లు ఒక వైపు చిన్నగా ఎగురుతుంది. మెడ పికప్‌తో అలాగే చేస్తే అదే వైపు ఎగరాలి. రెండూ వేర్వేరు వైపులు పోతే రెండు పికప్‌లు కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నాదం తగరపు డబ్బాలా అవుతుంది. ఇక్కడ రెండూ ఒకే వైపు ఎగిరాయి. మూడు పికప్‌లూ ఒకే తీరున చుట్టినవి కావడంతో వీటిలో ఏదీ మోతను పూర్తిగా కొట్టేయలేదు. ఆ పని గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ చేశాడు. ఎదురెదురు దిశల్లో పనిచేసే రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, మోత రద్దయ్యేలా, నాదం మిగిలేలా. 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1957 నుంచి ఆ జంట చుట్ట గిటార్లలో వచ్చింది. మన 50 హెర్ట్జ్ కరెంటు మోతకూ, అమెరికా 60 హెర్ట్జ్ మోతకూ అది ఒకేలా పనిచేస్తుంది. ఒంటి చుట్ట పికప్‌కి మోత కొంచెం ఉంటుంది. అది జబ్బు కాదు, దాని గొంతు. ఏది జబ్బో ఏది స్వభావమో తేల్చడానికే ఈ విద్యలో ఎక్కువ కాలం పడుతుంది.

గరగర గురించి చెప్పాల్సింది తక్కువ. మామూలు గిటార్‌లో బ్యాటరీ ఉండదు, నాబ్‌ల మీద డీసీ ఉండదు, కాబట్టి గరగర అంటే కార్బన్ ట్రాకు మీద దుమ్ము, లేదంటే ట్రాకు అరుగుదల. యాంప్లిఫయర్ నాబ్ గరగరలాడితే మాత్రం ముందు కప్లింగ్ కెపాసిటర్ లీకును అనుమానించాలి. గిటార్‌ను మరో యాంప్లిఫయర్‌కి తగిలించి చూస్తే ఎవరిది తప్పో తెలిసిపోతుంది. భాయ్ సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు పదేపదే తిప్పారు. శబ్దం నున్నబడింది.

యజమాని ఇంకా కొత్త సామాను మాట వదల్లేదు. కెపాసిటర్ అయినా మార్చమన్నాడు, యాభై ఏళ్లది కదా. ఇక్కడ భాయ్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. వాల్వ్ యాంప్లిఫయర్‌లో పాత కెపాసిటర్ మీద వందల వోల్టులు ఉంటాయి, అది లీకైతే వాల్వ్ కాలిపోతుంది, అక్కడ మార్చి తీరాలి. గిటార్‌లో టోన్ కెపాసిటర్ మీద వోల్టులో చిన్న భాగమే ఉంటుంది. సిరామిక్ బిళ్ల అది, ఎండిపోవడానికి లోపల ద్రవం లేదు, మీటరులో విలువ సరిగానే చూపింది. రేడియోల్లో నేర్చుకున్న నియమాన్ని ఇక్కడ గుడ్డిగా దించడం ఆయనకు ఇష్టం లేదు, రేడియోల మనిషి అయి ఉండీ. “పనిజేసేదాన్ని పీకేదెందుకు అబ్బీ? నువ్వు మార్సింది ఎల్లకాలం ఉంటాదా?” స్విచ్‌నీ మార్చలేదు. ఐదు గాట్లది పెడితే వాయించడం సుఖమే, అయినా నడుమ నిలబెట్టడం నీకు చేతనైన విద్యే కదా అన్నారు. అతను నవ్వాడు, నిజమే అతనికి చేతనయిందే.

పికప్‌ల ఎత్తు సరిచేయడం దగ్గర నాకు మాండలిన్ శ్రీనివాస్ గుర్తొచ్చారు. తెలుగువాళ్లలో ఈ అయస్కాంతం, చుట్ట జంటను సంగీతంలో అంత లోతుకు తీసుకెళ్లినవారు మరొకరు లేరు. పాలకొల్లులో 1969లో పుట్టి, 1978లో తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో తొలి కచేరీ చేసి, 2014లో వెళ్లిపోయిన ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద, నాలుగు జతల తీగలకు బదులు ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం వాయించారు. మామూలు మాండలిన్ స్వరం పుట్టగానే ఆరిపోతుంది. గమకం సాగాలంటే నాదం నిలవాలి. పికప్, యాంప్లిఫయర్ ఆ నిలకడనిచ్చాయి. కానీ అయస్కాంతం తీగకు మరీ దగ్గరగా ఉంటే తీగను తనవైపు లాగి కంపనాన్ని చెడగొడుతుంది, స్వరం త్వరగా ఆరిపోతుంది, కింది తీగల మీద శ్రుతి కాస్త పక్కకు జరిగినట్టు వినిపిస్తుంది. గమకం వాయించేవాడికి అది ప్రాణసంకటం. భాయ్ ఈ పికప్‌లను కొద్దికొద్దిగా దించుతూ, మంద్ర తీగ మీద పై మెట్ల దగ్గర ఒకే స్వరం మోగిస్తూ విన్నారు. శబ్దం పెద్దగా రావాలని చాలామంది పికప్‌లను పైకెత్తి తీగలకు అంటిస్తారు. ఆయన దించుతూ పోయారు, ఆ అదురు పోయి స్వరం నిలబడేదాకా. తగ్గిన శబ్దాన్ని యాంప్లిఫయర్ నాబ్ ఇస్తుంది, చెడిన స్వరాన్ని ఏ నాబూ ఇవ్వదు.

మళ్లీ మీటరు పెట్టారు. నడిమి పికప్ 6.0. ప్లేటు మూసేముందు భాయ్ ఒక చిన్న కాగితం ముక్క మీద మూడు రీడింగులూ రాశారు, పక్కన తేదీ, ఆ రోజు ఎండ 41 డిగ్రీలు, కింద ఒక వాక్యం: నడిమి పికప్ బయటి కొస, ఎర్త్ వైరు అతికినవి, మిగతాదంతా ఫ్యాక్టరీదే. ఆ ముక్కను ప్లాస్టిక్ కవరులో పెట్టి గుంటలో ఒక మూల అతికించారు. ఇది మళ్లీ తెరిచే మెకానిక్ ఎవరైనా, ఏ ఊరివాడైనా, ఏది పాతదో ఏది కొత్తదో వెతుక్కోకూడదని. ఆ తర్వాత ప్లేటు మరలు పదకొండూ ఏ కన్నంలోంచి తీసింది ఆ కన్నంలోనే బిగించారు.